నీటి లెక్క

మూడు నెలలకోసారి
సన్‌షైన్‌లో ప్రతి గేటు ముందూ వంగుతాను.
మెల్‌బోర్న్‌కి పడమటి కొసన, నల్లరాతి నేల మీద
నా ఉద్యోగం ఇదే:
ఇనప మూత ఎత్తడం, సాలెగూడు తుడవడం,
అంకె రాసుకోవడం.
బోరులో నీళ్ళు పడితే టెంకాయ కొట్టే కదిరి సీమ వాణ్ణి.
నాకిక్కడ నీళ్ళు పడ్డాయో లేదో
పదకొండేళ్ళయినా తేలలేదు.

పద్నాలుగో నంబరు చెన్సు తాత, మాల్టా దీవి మనిషి.
కోత మిషన్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు బోల్టులు బిగించి
రెండు వేళ్ళు అక్కడే వదిలొచ్చాడు.
"ఈ వీధికి మురుగు కాలవ మేమొచ్చాకే, తెలుసా?
తవ్వింది మేమే" అంటాడు.
తెలుసు. పోయినసారీ చెప్పాడు.
మూడు వేళ్ళ చేత్తో
ఇంకా వెచ్చగా ఉన్న టమాటా ఒకటి నా జేబులో వేస్తాడు.

పదహారు.
బోజెనా పోయిందని ముందు తెలిసింది నాకే.
అంకె కదల్లేదు.

ఇప్పుడా ఇంట్లో హ్వే గారు, కొడుకులు, కోడళ్ళు,
మొత్తం తొమ్మిది కంచాలు.
అయినా వీధిలోకల్లా తక్కువ బిల్లు వాళ్ళదే.
మీటరు చెడిందేమోనని రెండుసార్లు మార్చారు.
పడవలో పదిహేడు రోజులు
సీసా మూతతో కొలిచి
మనిషికింతని నీళ్ళు పోసింది ఆమె.
ఆ చెయ్యి కట్టిన కుళాయి
ఇంకెవరూ విప్పలేరని కోడలు నవ్వుతుంది.

ఎదురింటి అచోల్ బిల్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.
"తొంభై వేల లీటర్లా!"
తప్పు పడిందంటుందని నీళ్ళు నమిలాను.
ఆమె అడిగింది వేరు:
"ఇంత నీరు
నేను మోయకుండానే వచ్చిందా?"
ఆరుగురు పిల్లల ఫుట్‌బాల్ చొక్కాలు
తీగ మీద బొట్లు కారుస్తున్నాయి.

మూలమలుపు ఇంటాయన కంచె మీద వాలి
ఊరు తమది కాకుండా పోయిందంటాడు.
కొత్త నీరొచ్చి పాత నీటిని కొట్టుకుపోయిందని
మనమూ అంటాం కదా, అదే మాట.
ఏ కరువుకి ఎవరు ఓడెక్కారో
ఆయన గేటు మీది ఐరిష్ ఇంటిపేరే చెబుతోంది.
నేను చెప్పలేదు. కుక్క ఉంది.

కానీ పాత గొట్టం కోసినప్పుడు చూశాను:
లోపల సున్నం, తుప్పు, పొర మీద పొర.
ఏ నీరూ మొత్తం పోదు.
కాస్త గోడకి పట్టుకుని ఉండి
వచ్చే నీటికి రుచి పెడుతుంది.
కొన్నిసార్లు దారీ ఇరుకు చేస్తుంది.
అదీ నిజమే.

ఇంకా పడమటికి పోతే ట్రుగనీనా, మనవాళ్ళ ఇళ్ళు.
చెట్టు లేని వీధులు, గుమ్మాలకి పసుపు,
తమంత తామే లెక్క చెప్పుకునే మీటర్లు.
ఆ ఊరి పేరు ఒక ఆదివాసి స్త్రీదంటే
"అవునా, బిల్డరు పెట్టాడనుకున్నాం" అన్నారు.
నాకూ ఆరేళ్ళ దాకా తెలీదు.

మధ్యాహ్నం కొరొరాయిట్ వాగు ఒడ్డున డబ్బా విప్పుతాను.
వాగుకి మీటరు లేదు.
మూతలూ గొట్టాలూ రాకముందు
ఎన్ని వేల ఏళ్ళు ఎవరు దోసిలి పట్టారో
నా పుస్తకంలో చూశాను.
గడి ఖాళీగా లేదు.
అసలు గడే గీయలేదు.

వచ్చే జూలై నుంచి మనిషి అక్కర్లేదట.
నిన్న రాత్రి టార్చి పట్టుకుని
మా ఇంటి మూత ఎత్తాను, మొదటిసారి.
కుళాయిలన్నీ కట్టే ఉన్నాయి.
చిన్న ఎర్రముల్లు తిరుగుతోంది.
ఎక్కడో కారుతోంది.
స్పానరు చేతిలోనే ఉంది.
కాసేపు అలా
చూస్తూ కూర్చున్నాను.